పరుగును శాస్త్రంగా మలచిన వైద్యుడు జాక్ లవ్‌లాక్
* ఒకే పరుగు కోసం నాలుగేళ్ల నిరీక్షణ
* బెర్లిన్‌లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం
* నలభై ఏళ్లు నిండకముందే విషాదాంతం

చదువుకునే పిల్లలు మైదానం వైపు చూడరాదని, ఆటల్లో రాణించదలచిన వారికి పుస్తకాలు అబ్బవని మన ఊళ్లలో తరచు వినవచ్చే మాట. వైద్యశాస్త్రం చదువుతూనే ప్రపంచంలోని మేటి పరుగువీరులను ఓడించి ఒలింపిక్ స్వర్ణ పతకం అందుకున్న జాక్ లవ్‌లాక్ జీవితం ఆ మాటకు గట్టి సమాధానం. ఆయన బలిష్ఠుడు కారు. సమకాలికులలో అందరికంటే వేగవంతుడూ కారు. వైద్యుడు రోగి నాడి పరీక్షించినట్లు తన దేహాన్ని తానే పరీక్షించుకుని, తనకున్న శక్తి ఎంతో లెక్కగట్టి, దానిని ఏ క్షణాన ఖర్చు చేయాలో ముందుగానే నిర్ణయించుకున్నారు. 1930వ దశకంలో మధ్యదూర పరుగులో ఆయన సాధించిన విజయాల రహస్యం అదే.

గనుల పల్లెలో జననం

న్యూజిలాండ్ దక్షిణ దీవి పశ్చిమ ప్రాంతంలో రీఫ్టన్ పట్టణానికి సమీపాన క్రషింగ్టన్ అనే చిన్న పల్లె ఉంది. బంగారం కలిసిన రాతిని తవ్వి తీసి, యంత్రాలతో పొడిచేసి లోహాన్ని వేరుచేయడం ఆ రోజుల్లో అక్కడి ప్రజల జీవనాధారం. ఇంగ్లండ్ నుంచి వలస వచ్చి ఆ గనుల ప్రాంతంలో స్థిరపడిన కుటుంబంలో 1910 జనవరి 5న జాన్ ఎడ్వర్డ్ లవ్‌లాక్ జన్మించారు. లోకానికి ఆయన జాక్‌గానే పరిచయం. బాల్యంలోనే తండ్రిని కోల్పోయినా చదువులో వెనుకబడలేదు.

ఫెయిర్లీ గ్రామంలో ప్రాథమిక విద్య ముగించి, తిమారు బాలుర ఉన్నత పాఠశాలలో వసతి విద్యార్థిగా చేరారు. తరగతిలో ప్రథముడిగా నిలవడమే గాక విద్యార్థి నాయకుడిగానూ ఎన్నికయ్యారు. రగ్బీ, బాక్సింగ్ ఆడుతూనే పరుగు పందాల్లో పాల్గొన్నారు. మెరికలాంటి విద్యార్థి అని ఉపాధ్యాయులు మెచ్చుకునేవారే తప్ప, ఈ బక్కపలుచని బాలుడు ప్రపంచ రికార్డులు తిరగరాస్తాడని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు. 1929లో డునెడిన్ నగరంలోని ఒటాగో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు ప్రవేశం పొందారు.

అక్కడ ఉండగానే ఆయనకు రోడ్స్ ఉపకార వేతనం లభించింది. చదువుతో పాటు క్రీడలు, నడవడిక, నాయకత్వ లక్షణాలను కూడా పరిగణనలోకి తీసుకుని ఎంపిక చేసే వేతనం అది. 1931లో ఓడనెక్కి ఇంగ్లండ్ చేరుకుని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని ఎక్సెటర్ కళాశాలలో చేరారు. అక్కడి నుంచే ఆయన క్రీడాజీవితం మలుపు తిరిగింది.

ఆక్స్‌ఫర్డ్‌లో వెలుగులోకి

ఆక్స్‌ఫర్డ్‌లో అప్పటికే పరుగుకు గొప్ప సంప్రదాయం ఉంది. అనుభవజ్ఞుడైన శిక్షకుడు బిల్ థామస్ పర్యవేక్షణలో లవ్‌లాక్ సాధన మొదలుపెట్టారు. ఏడాది తిరగకముందే, 1932 మే నెలలో, మైలు దూరాన్ని 4 నిమిషాల 12 సెకన్లలో పూర్తిచేసి బ్రిటిష్ సామ్రాజ్యంలోనే కొత్త రికార్డు నెలకొల్పారు. మైలు అంటే దాదాపు 1609 మీటర్లు. ఒలింపిక్స్‌లో దానికి బదులుగా 1500 మీటర్ల పరుగు ఉంటుంది. 400 మీటర్ల ట్రాక్‌పై మూడు ముప్పావు చుట్లు అన్నమాట.

ఈ దూరం ఎంత కఠినమైనదో పరుగెత్తినవారికే ఎరుక. వంద మీటర్ల పరుగులో మాదిరిగా ప్రారంభం నుంచి ముగింపు వరకు పూర్తి వేగంతో దూసుకుపోవడం వీలుకాదు. సుదూర పరుగులో మాదిరిగా నింపాదిగా సాగడమూ కుదరదు. తొందరపడి ముందే విజృంభిస్తే చివరి వంద మీటర్లలో కాళ్లు రాళ్లవుతాయి. ఆలస్యం చేస్తే ఎదుటివారు అందనంత దూరం వెళ్లిపోతారు. కనుక కాళ్ల బలంతో పాటు సమయజ్ఞత కావాలి. పోటీదారుల బలాబలాలు తెలిసి ఉండాలి. ముందున్న వారి వెనుకే నీడలా సాగుతూ గాలి తాకిడిని తప్పించుకోవడం, అదను చూసి దెబ్బతీయడం ఇందులో కీలకం. లవ్‌లాక్‌కు సరిగ్గా ఈ విద్యలోనే ఆసక్తి కలిగింది.

లాస్ ఏంజిలిస్ నేర్పిన పాఠం

1932లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఆ వేసవిలోనే ముప్పావు మైలు పరుగులోనూ ప్రపంచ స్థాయి వేగం కనబరచిన లవ్‌లాక్‌పై న్యూజిలాండ్ ప్రజలు ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. అయితే 1500 మీటర్ల తుదిపోరులో ఆయన ఏడో స్థానంతో సరిపెట్టుకున్నారు. ఇటలీకి చెందిన లుయీజీ బెకాలీ 3 నిమిషాల 51.2 సెకన్లలో గమ్యం చేరి విజేతగా నిలిచారు.

మరొకరైతే నిరుత్సాహపడి పరుగుకు స్వస్తి చెప్పేవారేమో. లవ్‌లాక్ మాత్రం ఓటమిని ఒక వ్యాధిగా భావించి దానికి కారణాలు వెదికారు. సీజన్ ఆరంభంలోనే శక్తినంతా వెచ్చించి, అసలు పోటీ నాటికి అలసిపోవడం తప్పని గ్రహించారు. దేహం ఏడాది పొడవునా ఒకే స్థాయిలో ఉండదని, ఎంచుకున్న రోజుకు దానిని పతాక స్థాయికి తీసుకురావచ్చని నమ్మారు. తన సాధన, పాల్గొన్న పోటీలు, చేసిన పొరపాట్లు, ప్రత్యర్థుల బలహీనతలు అన్నీ పుస్తకాల్లో వివరంగా రాసుకునేవారు. శత్రువు గురించి రాసుకున్నంత నిర్మొహమాటంగా తన గురించి తాను రాసుకోవడం ఆయన ప్రత్యేకత.

ప్రిన్స్‌టన్‌లో ప్రపంచ రికార్డు

1933 జూలై 15న ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల ఉమ్మడి జట్టు అమెరికాలోని ప్రిన్స్‌టన్, కార్నెల్ విశ్వవిద్యాలయాల జట్టుతో తలపడింది. ప్రిన్స్‌టన్ క్రీడాంగణంలో జరిగిన ఈ పోటీల్లో మైలు పరుగులో లవ్‌లాక్‌కు స్థానిక విద్యార్థి బిల్ బాన్‌త్రన్ ప్రత్యర్థి. సొంతగడ్డపై బాన్‌త్రన్ ముందంజ వేయగా, లవ్‌లాక్ అతడి వెన్నంటి సాగారు. ఆఖరి మలుపు దాటిన తరువాత ఒక్కసారిగా వేగం పెంచి ముందుకు దూసుకుపోయారు. సమయం 4 నిమిషాల 7.6 సెకన్లు. ఫ్రాన్స్ దేశస్థుడు జూల్స్ లాడుమేగ్ 1931లో నెలకొల్పిన 4 నిమిషాల 9.2 సెకన్ల ప్రపంచ రికార్డు బద్దలైంది. రెండో స్థానంలో వచ్చిన బాన్‌త్రన్ సైతం పాత రికార్డును అధిగమించడం ఆ పోటీ తీవ్రతకు నిదర్శనం.

అదే ఏడాది ఇటలీలోని టురిన్‌లో జరిగిన విశ్వవిద్యాలయాల క్రీడల్లో 1500 మీటర్ల పరుగులో బెకాలీ చేతిలో లవ్‌లాక్ ఓడిపోయారు. మరుసటి ఏడాది 1934లో లండన్‌లో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య క్రీడల్లో మైలు పరుగు స్వర్ణం సాధించారు. నేడు కామన్వెల్త్ క్రీడలుగా పిలుస్తున్నవి ఇవే. 1935 జూన్‌లో ప్రిన్స్‌టన్‌లో శతాబ్దపు మైలు అని పత్రికలు అభివర్ణించిన పోటీ జరిగింది. అప్పటికి మైలు ప్రపంచ రికార్డు అమెరికా యోధుడు గ్లెన్ కన్నింగ్‌హామ్ చేతికి చేరింది. 1500 మీటర్ల రికార్డు బాన్‌త్రన్ పేరిట ఉంది. ఆ ఇద్దరినీ వారి దేశంలోనే, వారి అభిమానుల ఎదుటే లవ్‌లాక్ ఓడించారు.

గెలుపుల మధ్య ఓటములు

లవ్‌లాక్ జీవితంలో వరుస విజయాలే ఉన్నాయనుకుంటే పొరపాటు. మోకాలి బాధ ఆయనను వెంటాడింది. 1934 నుంచి లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో చదువు కొనసాగించారు. రోగుల వార్డులు, పరీక్షలు, సాధన మూడింటినీ నెట్టుకురావలసి వచ్చేది. ఆ కాలంలో ఒలింపిక్ క్రీడాకారులు పరుగు ద్వారా డబ్బు సంపాదించడం నిషిద్ధం. ఎవరి బతుకుతెరువు వారు చూసుకుంటూ, మిగిలిన సమయంలోనే సాధన చేయాలి.

ఇంతలో ఇంగ్లండ్‌లో సిడ్నీ వూడర్సన్ అనే కొత్త కెరటం లేచింది. కళ్లజోడు పెట్టుకుని పరుగెత్తే ఈ పొట్టి యువకుడు 1935లోనూ, 1936లోనూ ఇంగ్లండ్ జాతీయ పోటీల్లో లవ్‌లాక్‌ను ఓడించాడు. ఒలింపిక్స్‌కు కొద్ది వారాల ముందు ఎదురైన ఈ పరాజయంతో లవ్‌లాక్ పని అయిపోయిందని పలువురు భావించారు. ఆయన మాత్రం చలించలేదు. ఆయన గురి ఆ పోటీలపై లేదు. బెర్లిన్‌లో జరిగే ఒకే ఒక్క తుదిపోరుకు తన దేహాన్ని కొద్దికొద్దిగా సిద్ధం చేసుకుంటున్నారు. ఒక దశలో 5000 మీటర్ల పరుగును ఎంచుకునే ఆలోచన కూడా చేసి, చివరకు 1500 మీటర్లకే మొగ్గు చూపారు.

బెర్లిన్‌లో అపూర్వ విజయం

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌ను నాజీ ప్రభుత్వం తన ప్రాభవ ప్రదర్శనకు వేదికగా మలచుకుంది. అమెరికా నల్లజాతి వీరుడు జెస్సీ ఓవెన్స్ నాలుగు స్వర్ణాలు గెలిచి చరిత్ర సృష్టించింది అక్కడే. ధ్యాన్‌చంద్ సారథ్యంలోని భారత హాకీ జట్టు తుదిపోరులో జర్మనీని 8-1 తేడాతో చిత్తు చేసిందీ అక్కడే. న్యూజిలాండ్ బృందానికి లవ్‌లాక్ నాయకుడు. ఆ బృందం మేనేజర్ ఆర్థర్ పోరిట్. 1924 ఒలింపిక్స్‌లో వంద మీటర్ల కాంస్యం గెలిచిన ఈ శస్త్రవైద్యుడు తరువాతి కాలంలో న్యూజిలాండ్ గవర్నర్ జనరల్ పదవి అలంకరించారు.

ఆగస్టు 6న 1500 మీటర్ల తుదిపోరు. బరిలో 12 మంది. వూడర్సన్ చీలమండ గాయంతో ప్రాథమిక దశలోనే వైదొలిగాడు. అయినా పోటీ తేలికేమీ కాదు. నాలుగేళ్ల కిందటి విజేత బెకాలీ ఉన్నారు. బాల్యంలో బడిలో జరిగిన అగ్నిప్రమాదంలో రెండు కాళ్లూ తీవ్రంగా కాలిపోయినా, నడవడమే కష్టమన్న వైద్యుల అంచనాలను తలకిందులు చేసి ప్రపంచ రికార్డు సాధించిన కన్నింగ్‌హామ్ ఉన్నారు. అమెరికాకే చెందిన ఆర్చీ శాన్ రొమాని, కెనడాకు చెందిన ఫిల్ ఎడ్వర్డ్స్, బ్రిటన్‌కు చెందిన జెర్రీ కార్న్స్, స్వీడన్‌కు చెందిన ఎరిక్ నీ వంటి ఉద్దండులు ఉన్నారు.

నల్లని దుస్తుల్లో, రాగి రంగు ఉంగరాల జుట్టుతో లవ్‌లాక్ గుంపులో ఒకడిగా పరుగు ఆరంభించారు. తొలుత కార్న్స్, ఆ తరువాత కన్నింగ్‌హామ్ ముందు నడిచారు. లవ్‌లాక్ ఎక్కడా తొందరపడలేదు. మెల్లమెల్లగా ముందుకు జరిగి కన్నింగ్‌హామ్ సమీపంలో చోటు సంపాదించారు. ఆఖరి చుట్టు దగ్గరపడుతుండగా స్వీడన్ వీరుడు నీ ముందుకు వచ్చారు. లవ్‌లాక్ ఎప్పుడు విజృంభిస్తారో పోటీదారులందరికీ తెలుసు. చివరి వంద మీటర్లలో మెరుపులా కదలడం ఆయన ఆనవాయితీ. ప్రిన్స్‌టన్‌లో చూపింది అదే. కనుక ఆఖరి మలుపు దాకా ఆయనతో ప్రమాదం లేదన్నది వారి లెక్క.

ఆ లెక్కనే లవ్‌లాక్ తన ఆయుధంగా మలచుకున్నారు. గమ్యం ఇంకా 300 మీటర్ల దూరంలో ఉండగానే ఒక్కసారిగా దూసుకుపోయారు. ఆ క్షణాన ఎవరూ దానిని ఊహించలేదు. కన్నింగ్‌హామ్ తేరుకుని వెంబడించేలోగా మధ్యలో కొన్ని గజాల ఎడం ఏర్పడింది. అమెరికన్ ప్రాణాలొడ్డి పరుగెత్తినా ఆ ఎడం పూడలేదు. బి.బి.సి. రేడియోలో వ్యాఖ్యానం చేస్తున్న హెరాల్డ్ అబ్రహామ్స్ 1924 ఒలింపిక్స్ వంద మీటర్ల విజేత, లవ్‌లాక్ మిత్రుడు. వ్యాఖ్యాతకు ఉండవలసిన నిష్పాక్షికతను మరచి మిత్రుడి పేరు పిలుస్తూ కేకలు వేశారు. ఆ వ్యాఖ్యానం రేడియో చరిత్రలో నిలిచిపోయింది.

లవ్‌లాక్ సమయం 3 నిమిషాల 47.8 సెకన్లు. ప్రపంచ రికార్డు సరికొత్తగా నమోదైంది. కన్నింగ్‌హామ్ 3 నిమిషాల 48.4 సెకన్లతో రజతం, బెకాలీ 3 నిమిషాల 49.2 సెకన్లతో కాంస్యం అందుకున్నారు. కన్నింగ్‌హామ్ కూడా పాత ప్రపంచ రికార్డును దాటారు. మొదటి ఐదుగురూ లాస్ ఏంజిలిస్‌లో బెకాలీ నెలకొల్పిన ఒలింపిక్ రికార్డును అధిగమించారు. ట్రాక్ అండ్ ఫీల్డ్ విభాగంలో న్యూజిలాండ్‌కు దక్కిన తొలి ఒలింపిక్ స్వర్ణం ఇదే. లవ్‌లాక్ రికార్డు అయిదేళ్లు నిలిచింది. 1941లో స్వీడన్‌కు చెందిన గుండర్ హేగ్ దానిని సెకనులో ఐదో వంతు తేడాతో సవరించారు.

మైదానం నుంచి ఆసుపత్రికి

బెర్లిన్ విజయం తరువాత లవ్‌లాక్ అమెరికాలో పరుగెత్తి, స్వదేశానికి వెళ్లారు. న్యూజిలాండ్ ప్రజలు ఆయనకు ఊరూరా బ్రహ్మరథం పట్టారు. అప్పటికి వయసు ఇరవై ఆరేళ్లు మాత్రమే. ఇంకా ఎన్నో రికార్డులు సాధించగల స్థితిలోనే ఆయన పోటీలకు వీడ్కోలు పలికారు. వైద్య వృత్తే జీవితమని మొదటి నుంచీ ఆయన నిశ్చయం. సాధించదలచినది సాధించాక ట్రాక్‌పై కాలం వృథా చేయడం ఆయనకు ఇష్టం లేదు.

అయితే విధి మరోలా తలచింది. 1940లో గుర్రంపై నుంచి కిందపడి తీవ్రంగా గాయపడ్డారు. ప్రాణాపాయం తప్పినా చూపు దెబ్బతింది. తల తిరగడం శాశ్వతంగా ఆయనకు తోడైంది. కాలి వేళ్ల కదలికను సైతం తన అదుపులో ఉంచుకున్న మనిషికి, నిలబడిన చోటే తూలిపోయే స్థితి దాపురించింది. ఆయన ఆ కష్టాన్ని సాకుగా చూపలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైనిక వైద్య విభాగంలో సేవలందించారు. గాయపడిన వారిని వ్యాయామం, చికిత్సల ద్వారా తిరిగి నడిపించే వైద్య విధానంపై శ్రద్ధ పెంచుకున్నారు. తన దేహంపై చేసిన ప్రయోగాల అనుభవం ఇక్కడ ఇతరులకు ఉపయోగపడింది.

1945లో అమెరికాకు చెందిన సింథియా జేమ్స్‌ను వివాహమాడారు. అనంతరం న్యూయార్క్ నగరానికి మకాం మార్చి, అక్కడి ఆసుపత్రిలో అదే విభాగంలో వైద్యుడిగా పనిచేశారు. ఈ దంపతులకు ఇద్దరు కుమార్తెలు.

రైలు పట్టాలపై ముగిసిన జీవితం

1949 డిసెంబరు 28న ఆసుపత్రిలో విధుల్లో ఉండగా లవ్‌లాక్‌కు ఒంట్లో నలతగా అనిపించింది. తల తిరుగుతోందని, త్వరగా ఇంటికి వస్తున్నానని భార్యకు ఫోన్ చేసి చెప్పారు. బ్రూక్లిన్‌లోని చర్చ్ అవెన్యూ స్టేషన్‌లో రైలు కోసం వేచి ఉండగా ప్లాట్‌ఫాంపై నుంచి పట్టాల మీద పడిపోయారు. అదే సమయంలో వచ్చిన రైలు ఆయన ప్రాణాలు బలిగొంది. మరో ఎనిమిది రోజులకు ఆయనకు నలభై ఏళ్లు నిండేవి. తొమ్మిదేళ్ల కిందట గుర్రంపై నుంచి పడిన నాటి గాయమే ఆ తూలుడుకు మూలమన్నది ఆయన జీవిత చరిత్రకారులు పలువురి అభిప్రాయం.

చెట్టుగా నిలిచిన జ్ఞాపకం

బెర్లిన్‌లో స్వర్ణ విజేతలందరికీ పతకంతో పాటు ఒక ఓక్ మొక్కను బహూకరించారు. లవ్‌లాక్ మొక్క సముద్రాలు దాటి న్యూజిలాండ్ చేరింది. 1941లో దానిని ఆయన చదువుకున్న తిమారు పాఠశాల ఆవరణలో నాటారు. అప్పటికి న్యూజిలాండ్ జర్మనీతో యుద్ధంలో ఉంది. అయినా శత్రుదేశపు మొక్క అని ఎవరూ పెరికివేయలేదు. తమ పూర్వ విద్యార్థి చెమటోడ్చి తెచ్చినదిగా భావించి కాపాడారు. అది మహావృక్షమై తరతరాల విద్యార్థులకు నీడనిచ్చింది. ఆయన వైద్యవిద్య ఆరంభించిన డునెడిన్‌లో ఒక వీధికి ఆయన పేరు పెట్టారు. న్యూజిలాండ్ రచయిత జేమ్స్ మెక్‌నీష్ 1986లో ఆయన జీవితం ఆధారంగా నవల రాశారు. సొంత దస్తూరితో రాసుకున్న పరుగు పుస్తకాలను వెల్లింగ్టన్‌లోని గ్రంథాలయంలో భద్రపరిచారు.

ఆయన వేసిన బాటలోనే న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ స్నెల్ 1964 టోక్యోలో, జాన్ వాకర్ 1976 మాంట్రియల్‌లో 1500 మీటర్ల ఒలింపిక్ స్వర్ణాలు గెలుచుకున్నారు. మైలు దూరాన్ని 4 నిమిషాల లోపు పూర్తిచేసిన తొలి మానవుడిగా 1954లో చరిత్రకెక్కిన రోజర్ బానిస్టర్ ఆక్స్‌ఫర్డ్‌లో లవ్‌లాక్ చదివిన ఎక్సెటర్ కళాశాలలోనే చదివారు. ఆ పరుగు నాటికి సెయింట్ మేరీస్‌లో వైద్య విద్యార్థి. లవ్‌లాక్ ప్రపంచ రికార్డులు చాలాకాలం కిందటే చెరిగిపోయాయి. లాస్ ఏంజిలిస్‌లో ఏడో స్థానం దక్కిన నాడు పుస్తకం తెరిచి తన తప్పులు తానే రాసుకున్న ఆ విద్యార్థి పట్టుదల మాత్రం పరుగు నేర్వదలచిన ప్రతి బాలుడికీ, బాలికకూ నేటికీ తొలి పాఠమే.